తరగతి గదిలో పరిశోధకుడు

ఉత్తర ప్రదేశ్ గ్రామసీమలలోని బాలురతో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అను ఇరువురు ఆర్థిక శాస్త్రజ్ఞులు జరిపిన ఒక ప్రయోగ ఫలితములు 2004లో వెలువడినవి. అగ్రకులముల వారు 321 మంది, సమాజము నిమ్నకులములుగా ఎంచిన వారు 321 మంది అందు పాల్గొనిరి. కాగితముపై గీసిన చిక్కుదారినుండి వెలుపలికి పోవు మార్గమును కనుగొనుట వారికి ఇచ్చిన పని. కులప్రసక్తి రానపుడు ఇరువర్గముల బాలురును సమానముగానే రాణించిరి. ఒక్కొక్కని పేరుతో పాటు కులమును గూడ అందరి యెదుట ప్రకటించినపుడు మాత్రము నిమ్నకులముల బాలురు వెనుకబడిరి. తెలివిలో పుట్టుకతోనే భేదమున్నదను వాదమునకు ఇంతకంటె గట్టి సమాధానము దొరకుట కష్టము.

అయితే ఈ సత్యమును వెల్లడించుటకై కొందరు బాలుర కులమును తోటివారి నడుమ చదువవలసి వచ్చినది. వారిని క్రుంగదీయు మాట ఏదియో తేల్చుటకు ఆ మాటనే పలుకవలసి వచ్చినది. ఊరిలో వారు నిత్యము వినుచున్నదే గదా యని సమర్థింపవచ్చును. కాని ఊరిలో విన్నది వేరు, చదువుకున్న పెద్దమనిషి నోట విన్నది వేరు. లోకమునకు కలిగిన లాభము గొప్పదే. ఆ క్షణమున దాని మూల్యము చెల్లించినది మాత్రము ఆ పిల్లలు. పాఠశాల పిల్లలపై జరుగు సామాజిక పరిశోధనలన్నిటి వెనుకను ఈ చిక్కు ఏదో యొక రూపమున దాగియున్నది.

పెద్దలను ప్రశ్నింపబోయినవాడు గుమ్మము కడ నిలువవలెను. ఇష్టము లేనివారు తలుపు మూసికొందురు. తరగతిలోని పిల్లవానికి మూసికొనుటకు తలుపు లేదు. ఉపాధ్యాయుడు వ్రాయుమన్నచో వ్రాయుటయే అతడు నేర్చిన ధర్మము. పరీక్షలోని ప్రశ్నకును పరిశోధకుని ప్రశ్నకును గల భేదమును అతనికి ఎవరును విడమరచి చెప్పరు. “మీ తండ్రి మద్యము సేవించునా?” అని అడిగినచో, ఇంటిపరువు నిలుపు జవాబో, ఉపాధ్యాయుడు మెచ్చు జవాబో వ్రాయును గాని ఉన్నది వ్రాయడు. కావున బలవంతపు అంగీకారము నీతికే గాక శాస్త్రమునకును చేటు. కాదనుటకు స్వేచ్ఛ లేనివాడు అవుననిన మాటకు విలువ తక్కువ.

భారత వైద్య పరిశోధన మండలి ఆరోగ్య పరిశోధనలకై 2017లో ప్రకటించిన మార్గదర్శక సూత్రములు ఈ విషయమున మంచి దారి చూపుచున్నవి. తల్లిదండ్రుల అనుమతితో పాటు, 7 మొదలు 12 ఏండ్ల పిల్లలనుండి నోటిమాటగాను, ఆపై 18 ఏండ్ల వరకు వ్రాతమూలకముగాను సమ్మతి పొందవలెనని అవి చెప్పుచున్నవి. ప్రధానోపాధ్యాయుని అనుమతి బడి వాకిలిని తెరచును గాని పిల్లవాని మనస్సును తెరువజాలదు. ఆచరణలో చిక్కులు లేకపోలేదు. తల్లిదండ్రులు కూలికై వలసపోగా వసతి గృహమున నున్న పిల్లవాని పత్రముపై సంతకము చేయువారెవరు? సంతకము లేదని అట్టివారిని విడిచినచో, కష్టములో నున్నవారే లెక్కలోనికి రాకపోవుదురు.

గోప్యత మరియొక సమస్య. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము ఆధ్వర్యమున ‘యంగ్ లైవ్స్’ అను అధ్యయనము 2002 మొదలుకొని నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని సుమారు 3,000 మంది పిల్లల జీవితములను ఏండ్ల తరబడి పరిశీలించినది. దాని ప్రచురణలలో పిల్లల పేర్లే గాక గ్రామముల పేర్లును మార్చి వ్రాసిరి. ఈ జాగ్రత్త అవసరమే. ఇద్దరే ఉపాధ్యాయులున్న బడిని గూర్చి వ్రాయునపుడు పేరు దాచినను మనిషి దాగడు. ఆ ఊరివారు చదివినంతనే గుర్తింతురు.

ఉపాధ్యాయులును పరిశీలనకు లోనగువారే. 2005లో మైకేల్ క్రెమర్, కార్తీక్ మురళీధరన్ మొదలగువారు వెలువరించిన అధ్యయనమునకై దేశములోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు ముందుగా తెలుపకయే వెళ్లి చూచిరి. నూటికి 25 మంది ఉపాధ్యాయులు బడిలో లేరనియు, సుమారు సగము మంది మాత్రమే పాఠము చెప్పుచుండిరనియు తేలినది. తెలిపి వెళ్లినచో ఈ సంగతి బయటపడెడిది కాదు. తెలుపకపోవుట ఉపాధ్యాయులకు నచ్చకపోవచ్చును. అయినను పాఠము కోల్పోయిన పిల్లవాని పక్షమున ఈ లెక్క అవసరమైనది. ఇచట పాటింపవలసిన హద్దు ఒకటి కలదు. దేశమంతటి లెక్కగా నున్నంతవరకే అది పరిశోధన. ఒక్కని పేరు అధికారి బల్లపైకి చేరిననాడు అది తనిఖీ అగును. పరిశోధకుని నమ్మి తలుపు తెరచినవారికి ద్రోహమును అగును.

పరిశోధనలు వలదనుట పరిష్కారము కాదు. బడిలో జరుగు వివక్ష లెక్కకు రానంతకాలము అది లేదని చెప్పువారికే లాభము. కావున బడి వాకిట నిలిచిన పరిశోధకుని ఉపాధ్యాయుడు కొన్ని ప్రశ్నలు అడుగవలెను. ఈ ప్రశ్నకు జవాబు చెప్పనని పిల్లవాడు అనవచ్చునా? కులమును, పేదరికమును పదిమందిలో అడుగుదురా, లేక పిల్లవాని కంటతడి పెట్టింపని మరియొక మార్గము కలదా? వ్రాసిన కాగితములు ఎవరి చేతికి పోవును? తేలిన సంగతిని తిరిగి ఈ బడికి వచ్చి చెప్పుదురా? వీనికి తిన్నగా బదులు చెప్పువానికి తరగతి గది తెరచియుంచవచ్చును. బదులు చెప్పలేనివానిని మర్యాదగా మరలింపవచ్చును. ఆ గదిలో కాదనుటకు చేతకాని పిల్లల పక్షమున కాదనగలవాడు ఉపాధ్యాయుడొక్కడే.