బిడ్డల పేరిట ఓర్పు

భర్తచేత దెబ్బలు తిని పుట్టింటికి చేరిన ఆడపడుచును మరల అత్తవారింటికి సాగనంపునప్పుడు మన పెద్దలు తప్పక పలుకు మాట యొకటి కలదు: “పిల్లల మొహం చూసైనా సర్దుకుపో తల్లీ.” ఈ మాటలో ద్వేషము లేదు, వాత్సల్యమే యున్నది. తండ్రి లేని యిల్లు బిడ్డలకు లోటనియు, నలుగురిలో తలవంపులనియు, రేపు ఆడపిల్ల పెండ్లికి అడ్డంకి యగుననియు తలంచి, కూతురి దుఃఖమును కన్నవారే దిగమ్రింగుమందురు. ఐనను, ఎవరి క్షేమము పేరిట ఈ ఓర్పును కోరుచున్నామో ఆ బిడ్డలకే దీనివలన అన్నింటికంటె ఎక్కువ చేటు కలుగుచున్నదని నా దృఢవిశ్వాసము.

“పిల్లలు పడుకున్నారు, వాళ్ళకేం తెలియదు” అనునది పెద్దలు తమకు తాము చెప్పుకొను ఊరట. రెండు గదుల యింట దుప్పటిక్రింద ముడుచుకొన్న బిడ్డ నిద్రించుట లేదు. తండ్రి చెప్పులచప్పుడును బట్టి ఆ రాత్రి యెట్లు గడచునో ఊహింప నేర్చిన పసివానికి బడిలో పాఠము తలకెక్కకుండుట మందబుద్ధివలన గాదు. వాని మనస్సు ఇంటివద్దనే కావలి కాయుచుండుటవలన. పక్క తడుపుట, కారణము తెలియని కడుపునొప్పి, తోటివారిపై చేయి చేసికొనుట వంటి వానిని ఉపాధ్యాయులు కొంతవఱకు గుర్తింతురు. కాని వయస్సుకు మించిన బుద్ధిమంతురాలై తమ్ముని సాకుచు, తల్లి కన్నీరు తుడుచు తొమ్మిదేండ్ల పిల్ల స్థితి నన్ను మిక్కిలి కలచివేయును. ఏలయన, ఆ పిల్లను మనము మెచ్చుకొని ఊరకుందుము.

బిడ్డలను కొట్టి పెంచరాదని చలము ‘బిడ్డల శిక్షణ’లో వాదించి ఎన్నో యేండ్లు గడచినవి, ఆ వాదము నేటికి కొంతయైనను మన చెవి కెక్కినది. బిడ్డ యెదుట తల్లిని కొట్టుట బిడ్డను కొట్టుటయే యను సంగతి మాత్రము ఇంకను ఎక్కలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 18 నుండి 49 ఏండ్ల వివాహితలలో భర్త హింసకు గురియైనవారు తెలంగాణమున దాదాపు 37 శాతము, ఆంధ్రప్రదేశమున 30 శాతము. అంతకంటె దిగులు పుట్టించు విషయ మింకొకటి: ఏదో యొక కారణమున భర్త భార్యను కొట్టుట తగునని రెండు రాష్ట్రములలోను నూటికి 80 మందికి పైగా స్త్రీలే ఒప్పుకొనిరి. సర్వేలో అడిగిన ఆ కారణములలో ఇంటిని, పిల్లలను నిర్లక్ష్యము చేయుటయు నొకటి. దెబ్బకు సాకు బిడ్డలే, ఓర్పునకు సాకును బిడ్డలే! ఈ సమ్మతిని ఆ స్త్రీలు ఏ గ్రంథమునుండియు నేర్వలేదు. బాల్యమున తమ యింట చూచి నేర్చిరి.

2006 అక్టోబరు 26 నుండి అమలులోనున్న గృహహింస నిరోధక చట్టము మన పెద్దల సలహాకంటె ఎంతో వివేకము గలది. ఇల్లు విడువవలసినది దెబ్బ తిన్నది గాదు, కొట్టినవాడని ఆజ్ఞాపించు అధికారము దాని 19వ సెక్షను మెజిస్ట్రేటున కొసగినది. అట్లయినచో బిడ్డల బడియు, నేస్తులును, చదువుకొను మూలయు చెదరక నిలుచును. బిడ్డలను తాత్కాలికముగా తల్లికి అప్పగించుటకును, తండ్రి వచ్చి చూచుట బిడ్డకు హానికరమైనచో దానిని నిరాకరించుటకును 21వ సెక్షను వీలు కల్పించినది. ఇందులకు విడాకులు కోరవలసిన పనియు లేదు. తొలి విచారణనుండి 60 దినములలో అర్జీని పరిష్కరింప యత్నింపవలెనని చట్టమే చెప్పుచుండగా, వాయిదాలమీద వాయిదాలు వేసి తల్లిని విసిగించుట బిడ్డ బాల్యమును హరించుటయే. దెబ్బలు తిన్న తల్లి ఒక్కొక్కప్పుడు ఆ కసిని బిడ్డ వీపుపై తీర్చుకొనుటయు కద్దు. అట్టి తల్లికి పెంపకముపై ఉపన్యాస మిచ్చుటకంటె ముందు నిర్భయముగా నిద్రించు వసతి చూపవలెను.

ఆ వసతియందే యొక లోపము కలదు. హింసకు గురియైన స్త్రీలకు తాత్కాలికముగా ఆశ్రయ మిచ్చు సఖి కేంద్రములలో తల్లివెంట ఆడపిల్లలను ఏ వయస్సువారినైనను ఉండనిత్తురు. మగపిల్లలకు వయఃపరిమితి పెట్టిరి. పదునాలుగేండ్ల కొడుకు గల తల్లి అర్ధరాత్రి ఇల్లు విడిచి వచ్చినచో, ఆ బాలుని తండ్రి యొద్దనే విడువవలయును, లేదా వేఱొక ఆశ్రయమున కప్పగింపవలయును. కొట్టుట మగతనమని నమ్మునో, నమ్మకుండునో తేలు వయస్సది. సరిగా ఆ వయస్సుననే వానిని తల్లినుండి వేఱుచేయుచున్నాము. ఇతర స్త్రీల సంకోచమును నే నెఱుగుదును. అందులకు వేఱు గది యుండవలెనుగాని వేఱు గతి గాదు. కేంద్ర ప్రభుత్వము ఈ నిబంధనను సవరింపవలెను; అంతదాక మన రెండు రాష్ట్రములును ప్రతి జిల్లాయందు తల్లియు, పెరిగిన కొడుకును కలిసి యుండదగిన గదులు కొన్నింటినైనను ఏర్పఱుపవలెను.