పోటీ ఆటకు విరమణ – ఇంటి ఆటకు యంత్రము

పోటీ ఆటలు మానుకొనదలచిన యువకునకు ఇంటిలో మొట్టమొదట ఎదురగు ప్రశ్న ఆరోగ్యమును గూర్చినది కాదు, "ఇన్నేండ్లు ఆడి ఏమి సాధించితివిరా?" అనునది. ఆ ప్రశ్నకు సమాధానము దొరకకనే పెక్కుమంది మరియొక సంవత్సరము, ఆపై ఇంకొక సంవత్సరము ఆడుచు పోవుచున్నారు. వీడియో గేములను జట్టులుగా కూడి బహుమతుల కొరకు ఆడువారిని గూర్చియు, అట్టి పోటీల నుండి వైదొలగదలచినవారిని గూర్చియు, వైదొలగిన పిదప ఇంటికి కన్సోలు అను ఆటయంత్రమును కొనవచ్చునా కూడదా అను సందేహమును గూర్చియు ఇచట కొన్ని మాటలు చెప్పదలచితిని. జంషెడ్‌పూరు నందలి తెలుగు కుటుంబములను దృష్టియందుంచుకొని వ్రాయుచున్నను, విషయము ఏ ఊరివారికైనను వర్తించును.

జంషెడ్‌పూరు కష్టించి పనిచేయువారి ఊరు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి తాతల కాలమున ఉక్కు కర్మాగారమునకు వచ్చి స్థిరపడిన తెలుగువారి సంతతి బిష్టుపూరు, కదమా, సోనారి, గోల్మురి మొదలగు పేటలలో నేటికిని ఉన్నది. ఇచట 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు తయారైనది. దేశములో పెక్కు కర్మాగారములు ప్రొద్దు పొడుపు మొదలు ప్రొద్దు క్రుంకువరకు పని చేయించుకొనుచుండిన ఆ కాలమున, అదే 1912లో, ఇచట ఎనిమిది గంటల పనిదినము అమలునకు వచ్చినది. 1920లో జీతముతో కూడిన సెలవు వచ్చినది. మనిషి శరీరమునకు ఒక హద్దు కలదనియు, ఆ హద్దు దాటించినచో పనియు చెడును, పనివాడును చెడుననియు ఈ ఊరు నూరేండ్లకు పైగా ఎరిగియున్నది. అట్టి ఊరిలో, కొలిమి ఎదుట ఎనిమిది గంటలు పనిచేసి షిఫ్టు దిగి ఇంటికి వచ్చిన తాతకు మనుమడైనవాడు, తలుపు వేసికొని దినమునకు పది పండ్రెండు గంటలు ఒకే భంగిమలో కూర్చుండి బొటనవ్రేళ్లతో యుద్ధము చేయుచుండుట విచిత్రము కాదా? వానికి షిఫ్టు దిగు గంట లేదు, వారపు సెలవు లేదు.

ఇది పనిగాదు, వట్టి ఆట గదా అని కొందరందురు. పోటీకి దిగిన పిదప అది ఆట కాదు, పనియే. ఈ సంగతి ఒప్పుకొననిదే తక్కిన చర్చ ముందుకు సాగదు. చైనా దేశపు జియాన్ జిహావో 'ఊజీ' అను పేరుతో లోకప్రసిద్ధుడైన ఆటగాడు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అను ఆటలో అతనికి సాటి వచ్చువారు మిక్కిలి అరుదు. అతడు 2020 జూనులో, ఇరువదిమూడేండ్ల వయస్సున, పోటీల నుండి విరమించుచున్నట్లు ప్రకటించెను. ఏండ్ల తరబడి మానసికమైన ఒత్తిడి, స్థూలకాయము, వేళ తప్పిన భోజనము, రాత్రి జాగరణములు కారణముగా తనకు రెండవ రకపు మధుమేహము వచ్చినదనియు, చేతి గాయములు కూడ బాధించుచున్నవనియు అతడు చెప్పెను. మన యిండ్లలో ఏబదియేండ్లవారికి వచ్చు వ్యాధి ఇరువదిమూడేండ్లవానికి వచ్చినది! తరువాత 2021 చివర అతడు మరల జట్టులో చేరిన మాటయు నిజమే. విరమణ యనగా శాశ్వతముగా తలుపు మూసికొనుట కాదనుటకు దానినే నేను సాక్ష్యముగా గైకొందును. విశ్రాంతి తీసికొనినవాడు మరల రావచ్చును. మణికట్టు పాడైనవాడు రాజాలడు.

మణికట్టు మాట వచ్చినది గనుక కొంచెము వివరింపవలెను. వ్రేళ్లను కదిలించు స్నాయువులును, చేతికి స్పర్శనిచ్చు ఒక ముఖ్యమైన నరమును మణికట్టు వద్ద ఇరుకైన సొరంగము వంటి దారిలో పోవుచుండును. ఒకే కదలికను గంటకు వేలసార్లు చేసినపుడు స్నాయువుల చుట్టునున్న పొరలు వాచును. ఆ వాపు నరమును ఒత్తును. మొదట వ్రేళ్లకు తిమ్మిరి, పిదప రాత్రివేళ నొప్పి, చివరకు పట్టు సడలి చేతిలోని లోటా జారిపోవుట సంభవించును. ఫోను పట్టుకొని ఆడువారికి బొటనవ్రేలి మొదట వచ్చు నొప్పియు ఇట్టిదే. కన్నుల సంగతి వేరు: తెర మీద దృష్టి నిలిపినపుడు మనము రెప్పలార్చుట తగ్గును, కన్ను ఎండి మండును. ఇరువది నిమిషములకొకమారు ఇరువది అడుగుల దూరమున నున్న వస్తువును ఇరువది సెకండ్లు చూడవలెనని వైద్యులు చెప్పుదురు. పోటీ మధ్యలో అది సాధ్యము కాదు. ఇక నిద్ర. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వయస్సువారికి రాత్రికి ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావలెను. ప్రత్యర్థులు రాత్రి పదకొండు గంటలకు చేరుదురు గనుక ఆట రెండింటివరకు సాగును. ఉదయము బడికో కళాశాలకో పోవలసినవాడు ఏ గంటలలో నిద్రించును?

ఇదే ఊరిలో 1987లో టాటా ఫుట్‌బాల్ అకాడమీయు, 1996లో విలువిద్య అకాడమీయు నెలకొల్పబడినవి. అట్టిచోట్ల శిక్షకుడు కలడు, భోజనమునకు నియమము కలదు, గాయపడినవానిని కూర్చుండబెట్టుటకు అధికారముగలవాడొకడు కలడు. విలుకాని భుజము నొచ్చినచో బాణము ముట్టనీయరు. తన గదిలో ఒంటరిగా ఆడుచున్న కుఱ్ఱవానికి "ఈ దినము ఆడవద్దు" అని చెప్పువాడెవడు? తల్లి చెప్పినచో అది కోపముగా వినబడును, వైద్యముగా వినబడదు. విద్యుత్ క్రీడలను బహుక్రీడా పోటీలలో భాగముగా మన ప్రభుత్వము 2022 డిసెంబరులో గుర్తించినది. 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో వానికి పతకములీయబడినవి. ఈ గౌరవము మంచిదే. కాని క్రీడ యను పేరు వచ్చినంతనే క్రీడాకారునకు కావలసిన రక్షణ దానంతట అది రాదు.

జీవనోపాధి సంగతియు ఆలోచింపవలెను. ఈ దేశములో అసంఖ్యాకులైన యువకులు అభ్యసించిన పబ్జీ మొబైల్ ఆట 2020 సెప్టెంబరు 2వ తేదీన నిషేధింపబడినది. దాని స్థానమున 2021 జూలైలో వచ్చిన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా 2022 జూలైలో అంగడుల నుండి తొలగింపబడి, 2023 మే నెలలో తిరిగి వచ్చినది. ఆ నిర్ణయముల మంచిచెడ్డలను విచారించుట ఇచట నా పని కాదు. వడ్రంగి చేతి ఉలిని ఎవరును రాత్రికి రాత్రి మాయము చేయజాలరు. ఇట్టి ఆటగాని విద్యకు ఆధారమైన ఆటయే పరుల చేతిలో నున్నది. పదవ తరగతితో చదువు మాని దీనినే నమ్ముకొందునను పిల్లవానికి ఈ తేదీలను చూపిన చాలును, తిట్లు అక్కరలేదు.

ధనము పణముగా పెట్టి ఆడు ఆటలు వేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టము, ధనము ఒడ్డు ఆటలను నిషేధించుచు, విద్యుత్ క్రీడలను వాని నుండి వేరుపరచినది. ఆ ఒడ్డు ఆటలను గూర్చి ఇచట వ్రాయుట లేదు. అవి జూదము, అంతియే.

ఇచట అనువాదకుడనైన నాకు నిత్యమును ఎదురగు ఒక చిక్కును చెప్పవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అంతర్జాతీయ రోగ వర్గీకరణ పదునొకండవ కూర్పును 2019 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించినది. 2022 జనవరి 1వ తేదీ నుండి అది అమలులో నున్నది. అందు ఆటలకు సంబంధించిన ఒక రోగము చేర్చబడినది. దానిని తెలుగులో 'ఆటల వ్యసనము' అని వ్రాయుట సులభము. కాని వ్యసనమనగానే మనకు సప్తవ్యసనములు తోచును; పాపభీతియు, పరువునష్టమును తోచును. అందుచేత 'రుగ్మత' యని వ్రాయుటయే నాకు ఇష్టము. రుగ్మత గలవాడు వైద్యుని యొద్దకు పోవును. వ్యసనపరుడు ఇంటివారి కంటబడకుండ దాగును. ఒక్క మాటను బట్టి ఒక కుటుంబము తీసికొను దారియే మారిపోవుచున్నది.

ఆ వర్గీకరణములో చెప్పిన గుర్తులు మూడు: ఎప్పుడు ఆడవలెనో ఎంతసేపు ఆడవలెనో తన వశములో లేకపోవుట, తక్కిన పనులన్నింటికంటె, తక్కిన ఇష్టములన్నింటికంటె ఆటకే పెద్దపీట వేయుట, కీడు జరుగుచున్నదని తెలిసియు మానలేక ఇంకను ఎక్కువగా ఆడుట. ఇవి సాధారణముగా పండ్రెండు మాసములపాటు కనబడి, చదువును, పనిని, కుటుంబ జీవనమును తీవ్రముగా దెబ్బతీసినపుడే దానిని రోగమందురు. వేసవి సెలవులలో నెల దినములు ఆడినవానిని రోగి యనుట తప్పు. అట్లే పోటీలలో గెలుచుచున్నాడు గనుక వానికి రోగము లేదనుటయు తప్పు.

రుగ్మత లేనివాడు కూడ పోటీ మానుకొనవచ్చును. శరీరము అలసినది, చదువు మిగిలియున్నది, ఉత్సాహము తగ్గినది – ఈ మూడింటిలో ఏ యొక్కటైనను చాలిన కారణమే. దీనిని ఓటమిగా చూచుట మన అలవాటు. ఈ అలవాటును నేను ఒప్పుకొనను. ముప్పదియైదేండ్లకు బంతియాట విరమించినవానికి పూలమాల వేయుదుము. ఇరువదియొక్కయేండ్లకు గేము విరమించినవానిని చూచి "అప్పుడే చెప్పితిమి" అందుము. ఈ మాటకు వెరచియే అతడు ఆగలేకున్నాడు.

మానుటకును ఒక పద్ధతి కలదు. చివరి పోటీ ఏదియో ముందే నిర్ణయించుకొని జట్టువారికి తెలుపవలెను. నడుమ వదలినచో వారికి కోపము, తనకు దిగులు మిగులును. తరువాతి వారములలో రాత్రి తొమ్మిది మొదలు రెండువరకు గల కాలము ఉరుము లేని ఆకాశమువలె వెలితిగా నుండును. ఆటతోపాటు స్నేహితులును, ఒక పేరును, "నీవు లేనిదే మేము గెలువలేము" అను మాటయు పోవును. చిరాకు, నిద్రపట్టమి కొన్నాళ్లుండుట సహజము. ఆ గంటలకు పని చూపవలెను. బిష్టుపూరు నందలి శ్రీరామ మందిరములో పండుగ పనులకు చేయి కావలసినవారుందురు. జూబిలీ పార్కులో నడచుటకు స్థలము కొరతలేదు. పెద్దవారు వారమునకు కనీసము నూటయేబది నిమిషములు, పిల్లలు దినమునకొక గంట శరీరశ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. ఫోనును నేలకు కొట్టి పగులగొట్టు తండ్రులకు ఒక విన్నపము: అందువలన పోవునది ఫోను కాదు, మీ మాట.

ఇక కన్సోలు. పోటీ మానినవానికి ఆటయంత్రము కొనియిచ్చుట అగ్గిలో నెయ్యి పోయుటయే యని కొందరి వాదము. నేను దానితో పూర్తిగా ఏకీభవింపను. ఫోను జేబులో నుండును, పడకలోనికి వచ్చును, దుప్పటి క్రింద వెలుగును. కన్సోలు ముందుగదిలోని టెలివిజనునకు కట్టుబడియుండును. వార్తలు చూడవలెనని నాన్నగారు వచ్చినచో ఆపవలసినదే. దానిలో కథ మొదలై ముగియు ఆటలు కలవు, చెల్లెలితో ప్రక్కప్రక్కన కూర్చుండి ఆడు ఆటలు కలవు. ముగింపుగల ఆటకును, ముగింపులేని పోటీకిని ఉన్న భేదము, భోజనమునకును నిరంతరము నములుచుండుటకును గల భేదము వంటిది. అయితే ఆ యంత్రము మీదనే ఇంటర్నెట్టు ద్వారా పరులతో పోటీపడు ఆటలును కలవు; వానికి పెక్కింటికి ఏటేట చందా చెల్లింపవలెను. ఆ చందా కట్టకుండుటయే నా సలహా.

ఎప్పుడు కొనవలెను? మానిన వారమే కాదు. మూడు మాసములు గడచి, నిద్రయు చదువును దారికి వచ్చిన పిదప, అప్పటికిని కోరిక మిగిలియున్నచో ఆలోచింపవచ్చును. ప్లేస్టేషన్ 5 మన దేశములో 2021 ఫిబ్రవరి 2వ తేదీన అమ్మకమునకు వచ్చినపుడు దాని వెల 49,990 రూపాయలు. క్రొత్త గేము ఒక్కొక్కటి నాలుగైదువేలు. దసరాకు ముందు వచ్చు బోనసు చేతబడినపుడు ఈ ఊరిలో అంగళ్లు కళకళలాడుట అందరెరిగినదే. ఆ హుషారులో వాయిదాల మీద కొనినచో, వాయిదా తీరువరకు "డబ్బు పోసి కొంటిమి గదా" అని ఆడుట అలవాటగును. అప్పు చేసి కొనిన విశ్రాంతి విశ్రాంతి కాదు. పాత తరపు యంత్రమును తక్కువ వెలకు కొనుట మేలు. ఆటల రుచి దానివలన తగ్గదు.

మూడు గుర్తులును కనబడుచున్నచో కన్సోలు మాట ప్రక్కకు పెట్టి వైద్యుని చూడవలెను. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో టెలీ మానస్ సేవ ద్వారా మానసిక ఆరోగ్య సలహా రుసుము లేకుండ లభించును. ఈ సేవ 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైనది. రాంచీలో 1918 నుండి పనిచేయుచున్న కేంద్రీయ మనోవైద్య సంస్థ జంషెడ్‌పూరునకు దూరము కాదు. ఇట్టి సమస్యల కొరకే బెంగుళూరులోని నిమ్హాన్స్ వారు 2014లో ప్రత్యేక చికిత్సాలయమును తెరచిరి.

కన్సోలు కొనినవారికి మరియొక సంగతి. ఆ యంత్రములలో దినమునకు ఇంత కాలమని నిర్ణయించి బిగించు ఏర్పాటు కలదు. దానిని విప్పుటకు ఒక రహస్యసంఖ్య ఉండును. పదునైదేండ్ల పిల్లవాని విషయములో ఆ సంఖ్య తల్లి యొద్ద నుండవలెను. ఇరువదిరెండేండ్లు వచ్చి, తనంతట తాను పోటీ మానుకొని వచ్చినవాని విషయములో మాత్రము అది అతని యొద్దనే ఉండనిండు.