గోడ బరువు ఎంత?

కోనసీమలో ఎవరైనా ఇల్లు కడుతున్నామంటే, ఎన్ని గదులు అని నేను అడగను. పునాది ఏం వేస్తున్నారు అని అడుగుతా. అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఎక్కడ తవ్వినా గోదారి తెచ్చి పోసిన ఒండ్రే. కాస్త లోతుకెళ్తే నీళ్లు. కొబ్బరికీ వరికీ ఇంతకన్నా మంచి నేల దొరకదు. బరువు మోయమంటే మాత్రం మొరాయిస్తుంది.

అలాంటి నేల మీద మనం పెడుతున్న బరువెంతో చూద్దాం. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ కడితే దాదాపు 4 టన్నులు. అదే గోడని ఎనిమిది అంగుళాల ఏఏసీ బ్లాకులతో కడితే టన్నుంపావు దాటదు. ఒక్క గోడకే ఇంత తేడా!

ఇంకో లెక్క కూడా ఉంది. ఓ మాదిరి ఇంటికి 20 వేల ఇటుకలు పడతాయనుకోండి. ఇటుక 3 కేజీలు వేసుకున్నా 60 టన్నులు. అదంతా ఎక్కడిది? లంకల్లోనో, ఊరి పొలాల్లోనో ఉన్న మంచి మట్టి. అరటి, కూరగాయలు పండాల్సిన మట్టిని తవ్వి, కాల్చి, తెచ్చి మళ్లీ అదే మెత్తటి నేల నెత్తిన పెడుతున్నాం. మట్టికి రెండు దెబ్బలన్నమాట.

మరి ఏఏసీ బ్లాకు దేంతో చేస్తారు? మన దగ్గర చాలావరకు థర్మల్ కేంద్రాల బూడిదతో. మన దేశపు బొగ్గు 100 టన్నులు కాలిస్తే 30 నుంచి 40 టన్నులు బూడిదే మిగులుతుంది. దాన్ని చెరువుల్లా కట్టిన గుంటల్లో నింపుతారు. గాలొస్తే చుట్టుపక్కల ఊళ్ల మీద పడుతుంది. మ్యాపులో చూస్తే అమలాపురానికి పడమర వైపు ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం, ఈశాన్యంగా పరవాడలో ఎన్టీపీసీ సింహాద్రి ఉన్నాయి. గీత గీసి కొలిస్తే రెండూ సుమారు 160 కిలోమీటర్లే.

తయారీ సంగతి మన పొట్టిక్కలు తిన్నవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. పిండి పులిసి పొంగాలి, తర్వాత ఆవిరి మీద ఉడకాలి. ఇక్కడా అంతే. బూడిద, సిమెంటు, సున్నం, కొంచెం జిప్సం నీళ్లతో కలిపి, చిటికెడు అల్యూమినియం పొడి వేస్తారు. సున్నంతో కలిసిన అల్యూమినియం హైడ్రోజన్ బుడగల్ని వదులుతుంది. ముద్ద పొంగుతుంది. కాస్త గట్టిపడగానే తీగలతో కోసి, ఆటోక్లేవ్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్‌లోకి తోస్తారు. అక్కడ సుమారు 190 డిగ్రీల ఆవిరిలో, మామూలు గాలి పీడనానికి పది పన్నెండు రెట్ల ఒత్తిడిలో గంటల తరబడి ఉడుకుతుంది. బుడగల్లో చివరికి మిగిలేది గాలే. అందుకే తేలిక, అందుకే ఎండాకాలం గది లోపలికి వేడి కూడా తక్కువ వస్తుంది. ఇదేం నిన్నటి ఫ్యాషన్ కాదు. 1920ల్లోనే స్వీడన్‌లో యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ అనే ఆర్కిటెక్ట్ కనిపెట్టాడు.

ఇక్కడో తికమక ఉంది. చాలామంది బూడిద ఇటుకనీ దీన్నీ ఒకటే అనుకుంటారు. బూడిద ఇటుకని అచ్చులో నొక్కి తీసి, నీళ్లు చల్లి ఆరబెడతారు. మట్టిని కాపాడుతుంది గానీ బరువులో ఎర్ర ఇటుకకి పెద్దగా తీసిపోదు. నేల మీద బరువు తగ్గాలంటే బుడగలున్న బ్లాకే కావాలి.

ప్రభుత్వం కూడా ఈ మాట చెప్తూనే ఉంది. 1999లో మొదటి బూడిద నోటిఫికేషన్ వచ్చింది. 2021 డిసెంబర్ 31న వచ్చింది ఇంకా గట్టిది. థర్మల్ కేంద్రాలు తమ బూడిద మొత్తాన్ని వాడకంలోకి తేవాలంది. 300 కిలోమీటర్ల లోపు జరిగే నిర్మాణాలనూ అందులోకి తెచ్చింది. అంటే కోనసీమ కూడా ఆ గీత లోపలే.

అయితే బ్లాకు కొనేసి, ఎర్ర ఇటుక కట్టినట్టే కడతామంటే కుదరదు. నేను ఎవరికైనా చెప్పేది ఈ నాలుగు మాటలు.

ఒకటి, పునాది డిజైన్ కంటే ముందే ఇంజనీరుకి చెప్పండి. పునాది వేసేశాక బ్లాకులకి మారితే గోడ తేలికవుతుంది గానీ స్టీలు, కాంక్రీటులో మిగలాల్సిన డబ్బు మిగలదు.

రెండు, ఇది పిల్లర్లు, బీముల మధ్య నింపే గోడకి. ఐఎస్ 2185 మూడో భాగం ప్రకారం చేసిన టెస్ట్ రిపోర్ట్ అడిగి తీసుకోండి.

మూడు, ఇటుకలా తొట్టెలో నానబెట్టకండి. పైపైన తడిపితే చాలు. మందపాటి సిమెంటు పాలు కాదు, రెండు మూడు మిల్లీమీటర్ల జిగురు మసాలా వాడాలి. పిల్లరు, గోడ కలిసే చోట మెష్ కొట్టి ప్లాస్టరింగ్ చేయకపోతే పగుళ్లు ఖాయం. ఈ పని ఇదివరకు చేసిన తాపీమేస్త్రిని పెట్టుకోండి.

నాలుగు, మనవాళ్లకి అన్నిటికన్నా ముఖ్యం. ఈ బ్లాకు నీళ్లు పీలుస్తుంది, ఆరడానికి టైమ్ తీసుకుంటుంది. 2022 జులై వరద ఎక్కడిదాకా వచ్చిందో లంక ఊళ్లలో ఇప్పటికీ గోడలే చెప్తాయి. ఆ మట్టం దాకా కాంక్రీటో, గట్టి ఇటుకో వేసి, ఆపైన బ్లాకులు పెట్టడం మేలు.

ఇంక మన సొంత వ్యర్థం ఒకటుంది, ఊక బూడిద. 100 కేజీల ధాన్యం ఆడిస్తే 20 కేజీల ఊక, అది కాలిస్తే 4 కేజీల బూడిద. అందులో నూటికి 85 పాళ్లకు పైగా సిలికానే. బ్లాకుకి కావాల్సిన సరుకూ అదే. థాయ్‌లాండ్‌లో ఇసుకలో కొంత బదులు దీన్ని వేసి చూశారు. బ్లాకు ఇంకా తేలికైంది, కానీ పాళ్లు పెంచేకొద్దీ బలం తగ్గింది. ఎంత వేస్తే బరువూ బలమూ రెండూ కుదురుతాయో తేల్చాలి.

సివిల్, కెమికల్ చదువుతున్న కోనసీమ పిల్లలూ, ఫైనలియర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటున్నారా? మీ ఊరి రైస్‌మిల్లు వెనక్కి ఓసారి వెళ్లండి. కుప్పగా పోసి ఉంటుంది.