తల్లి 'అవును' అన్నంత మాత్రాన

పిలిచినా పలుకక శూన్యంలోకి చూస్తూ కూర్చున్న పిల్లను బడిలో 'పరధ్యానం' అంటారు. ఇంటిలో 'గాలి సోకింది' అంటారు. మనోవైద్యుడు మూర్ఛవ్యాధి కాదని తేల్చుకొన్న పిమ్మట మరొక అవకాశాన్ని కూడా యోచిస్తాడు. భరింపరాని భయానికో, హింసకో లోనైన పిల్లలలో స్పృహ, స్మృతి, 'నేను' అనే భావం ఒకదానినుండి మరొకటి విడివడవచ్చు. దీనికే 'డిసోసియేషన్' అని పేరు.

ఇట్టి పిల్లలను గుర్తించడానికి అమెరికన్ మనోవైద్యుడు ఫ్రాంక్ పుట్నమ్, ఆయన సహచరులు 1993లో ప్రకటించిన ప్రశ్నావళిలో 20 అంశాలున్నాయి. బిడ్డను బాగుగా ఎరిగిన పెద్దలు గడచిన పన్నెండు నెలల ప్రవర్తనను తలచుకొని ఒక్కొక్కదానికి 0, 1, 2 అని గుర్తిస్తారు. మొత్తం 12 గాని, అంతకు మించి గాని వస్తే నిపుణుడు పరీక్షించాలి. ఇది జల్లెడయే గాని రోగనిర్ణయం కాదు.

రాయపూర్ చెంత, ఉర్లా పారిశ్రామికవాడను ఆనుకొన్న బీర్‌గావ్ వంటి ఊరికి ఈ జల్లెడను తీసుకొనిపోవడం సులభం కాదు. బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, వలస వచ్చినవారి ఇంట మరొక భాష. 'ట్రాన్స్' అనే మాటకు తెలుగులో 'పూనకం' అని వ్రాస్తే, నవరాత్రులలో జవారా ఊరేగింపునాడు కూతురు ఊగిన సంగతి తల్లికి గుర్తుకు వస్తుంది, 2 వేస్తుంది. అది నలుగురూ ఎరిగినది, ఉత్సవంతో ముగిసేది. 'పరధ్యానం' అని వ్రాస్తే పాఠం వినని ప్రతి బిడ్డా జల్లెడలో మిగులుతాడు. 'పిలిచినా, తాకినా తెలియనట్లు కొంతసేపు ఉండిపోవడం' అని విప్పి చెప్పడమే మేలు.

అనువాదాన్ని, మూలం చూడని వేరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించే పద్ధతి ఉన్నది. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో దానిని వివరించాడు. అయితే 'పూనకం' చక్కగా 'ట్రాన్స్'గానే తిరిగి వస్తుంది, తప్పు బయటపడదు! అందుచేత కొందరు తల్లులకు చదివి వినిపించి, ఏమి అర్థమైనదో వారి నోటనే చెప్పించాలి. పిమ్మట, వైద్యుడు విడిగా పరీక్షించిన పిల్లల ఫలితాలతో ఈ అంకెలను పోల్చాలి. కొన్ని వారాలకు మరల అడిగి చూడాలి. 2002లో టర్కీ పరిశోధకులు తమ భాషలోని ప్రతికి ఇట్టి పరీక్షయే జరిపారు. అమెరికాలో కుదిరిన 12 మరొకచోట 9 కావచ్చు, 15 కావచ్చు.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. హింస జరిగినది ఇంటిలోనే అయితే, ఆ కాగితం నింపే చేయి ఎవరిది? అందుకే మరొక ప్రతిని ఉపాధ్యాయురాలికి కూడా ఇవ్వడం మంచిది. ఇద్దరి అంకెలకూ పొంతన కుదరనిచోట బిడ్డతో ఒంటరిగా మాట్లాడాలి.