గడ్డలు కరిగినంత మాత్రాన మతిమరుపు పోదు

అల్జీమర్స్‌కు మందు దొరికేసిందన్న వార్తలు ఈమధ్య తరచుగా చూస్తున్నాం. మెదడులో పేరుకున్న అమిలాయిడ్ ప్రొటీన్ గడ్డలను కరిగిస్తే జబ్బు లొంగుతుందన్న నమ్మకమే వాటికి ఆధారం. 1992లో జాన్ హార్డీ, జెరాల్డ్ హిగిన్స్ ప్రతిపాదించిన ఈ సిద్ధాంతం ముప్ఫై ఏళ్లుగా పరిశోధనలనూ పెట్టుబడులనూ శాసిస్తోంది. ఇందులో నిజం సగమే. ఆ సగాన్నే పూర్తి వైద్యంగా చూపించడం రోగులకు అన్యాయం.

ఈ గడ్డలను కరిగించే లెకానెమాబ్ అనే మందునే చూడండి. 1,795 మందితో 18 నెలలు పరీక్షించారు. గడ్డలు బాగానే కరిగాయి. జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల కొలమానం మీద మాత్రం అసలు మందుకూ డమ్మీ మందుకూ తేడా 0.45. పత్రికలకెక్కింది జబ్బు వేగం ‘27 శాతం’ తగ్గిందన్న అంకె. జబ్బు ఆగలేదు, కాస్త నెమ్మదించింది. మందు తీసుకున్నవారిలో సుమారు ఎనిమిదో వంతు మందికి స్కాన్‌లో మెదడు వాపు కనిపించింది.

సెమాగసెస్టాట్ అనే మరో మందు కథ ఇంకా విషాదం. అమిలాయిడ్ తయారీకి తోడ్పడే గామా సెక్రటేజ్ ఎంజైమును అది అడ్డుకుంటుంది. అయితే కణాల మధ్య సంకేతాలు నడిపే నాచ్ మార్గానికీ ఆ ఎంజైమే కావాలి. 2010లో ప్రయోగం ఆపేసేసరికి మందు వాడినవారి జ్ఞాపకశక్తి, ఆలోచన డమ్మీ మందువారికంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. చర్మ క్యాన్సర్ ముప్పూ పెరిగింది.

నాడీకణం బతుకంతా సంకేతాలే. ఇన్సులిన్ సంకేతం మందగిస్తే జీఎస్‌కే-3 ఎంజైము అదుపు తప్పి టౌ ప్రొటీన్‌కు అతిగా ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. టౌ చిక్కుపడుతుంది. మతి క్షీణత అమిలాయిడ్ కంటే ఈ టౌ వ్యాప్తినే దగ్గరగా అనుసరిస్తుంది. వాపు సంగతీ అంతే: మెదడును కాపలా కాస్తూ వాపును నడిపే మైక్రోగ్లియా కణాల మీద సంకేతాలు అందుకునే ట్రెమ్2 అనే గ్రాహకం ఉంటుంది. దాని జన్యువులో ఒక అరుదైన మార్పు అల్జీమర్స్ ముప్పును సుమారు మూడు రెట్లు పెంచుతుంది.

వంశపారంపర్య అల్జీమర్స్‌లో దోషం అమిలాయిడ్ జన్యువులదే కదా అంటారు. ఒప్పుకుంటాను. కానీ అగ్గిపుల్ల ఆర్పితే అంటుకున్న ఇల్లు ఆరదు. ట్రెమ్2ను ఉత్తేజపరిచే ఏఎల్002 అనే మందు కూడా 2024లో విఫలమైందిగా అంటారు. అవును, అదీ ఒక్క మీటనే నమ్ముకున్న ప్రయత్నమే. క్షయకు ఒకే మందు ఇస్తే ఏమవుతుందో మన వైద్యులకు తెలుసు. అల్జీమర్స్‌లోనూ అమిలాయిడ్, టౌ, వాపు, ఇన్సులిన్ మార్గాలను కలిపి ఎదుర్కొనే ప్రయోగాలకు నిధులు రావాలి.

కొలమానమూ మారాలి. తల్లి ఇంకెన్నాళ్లు బిడ్డలను గుర్తుపట్టగలదు, తన అన్నం తాను కలుపుకోగలదు అన్నదే మందుకు పరీక్ష. స్కాన్‌లో తగ్గిన గడ్డలను చూపించి గెలిచామనే హక్కు ఏ కంపెనీకీ లేదు.