తెగిన మాట కాదు, తగ్గిన అనుసంధానం

మెదడు కుడి, ఎడమ భాగాలను కలిపే నరాల కట్ట కార్పస్ కెలోసమ్. అందులో దాదాపు 20 కోట్ల తంతువులుంటాయి. లేని మాటలు వినిపించడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో ఈ అనుసంధానం సగటున కొంత బలహీనంగా ఉంటుంది. 2018లో ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం పరిశోధకులు దాదాపు 2 వేల మంది రోగుల ఎమ్మారై స్కాన్లను ఇతరుల స్కాన్లతో పోల్చి ఈ సంగతి చూపారు. తేడాలు సూక్ష్మమైనవి, ఒక్క స్కాన్ చూసి జబ్బును నిర్ధారించలేం. కానీ ఈ జబ్బుకు కారణం గాలి సోకడమో, తల్లి పెంపకంలో లోపమో కాదన్నది స్పష్టం. ఈ సంచిక ప్రధాన వ్యాసం ఆ పరిశోధనలను వివరిస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తుంటే, భూతవైద్యుడి దగ్గరికి కాదు, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. దారి తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఆలస్యం చేయకండి.

- సంపాదకుడు