నారుమడిలో శుశ్రూష

పుష్పకైంకర్యం అనగానే భక్తుని మనస్సులో మెదిలేది మాల. మాలకు పూర్వమున్న మొక్క, మొక్కకు పూర్వమున్న నారు, ఆ నారుకు నీరు పోసిన చేయి స్ఫురణకు రావు. దేవాలయ నందనవనాలలో స్వచ్ఛందసేవకు నగరవాసులు ముందుకు రావడం శుభపరిణామమే. అయితే వచ్చినవారిలో అధికులు పువ్వు కోయడానికీ, మాల కట్టడానికీ ఉత్సహిస్తారు. నీడవల కింద నారుమడి వద్ద కూర్చోమంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. తోటపని ఎరుగని సాధకునికి ఆరంభస్థానం ఆ నారుమడియే కావాలి. అక్కడ తోటమాలి ఆజ్ఞకు లోబడి ఆరు ఋతువులూ గడపనివాని చేతికి కత్తెర ఇవ్వరాదు.

సేవకు భక్తి ఒక్కటే అర్హత కదా అని ఆక్షేపించేవారున్నారు. పత్రమైనా, పుష్పమైనా, ఫలమైనా, జలమైనా భక్తితో ఇస్తే స్వీకరిస్తానని గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయంలో అభయమిచ్చిన మాట నిజమే. అది సమర్పణను గూర్చిన మాట. పెంపకం వేరు. వేరుకు నీరెంత ముఖ్యమో గాలీ అంతే ముఖ్యం. మట్టి ఎడతెగక తడిసి ముద్దగా ఉంటే వేరు ఊపిరాడక కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు గనుక ఆకు వాడుతుంది. వాడిన ఆకును చూసి కొత్తవాడు జాలిపడి మరికొంత నీరు పోస్తాడు. ఆ జాలియే మొక్కకు మృత్యువు. నీడవల కింద ఎండ తక్కువ, ఆవిరి తక్కువ. ఆరుబయటి మడికి చాలిన నీరు అక్కడ అధికమవుతుంది. పైన ఎండినట్లున్న కొబ్బరిపొట్టు లోపల తడిగానే ఉంటుంది. అనుభవజ్ఞుడైన తోటమాలి కంటిని నమ్మడు. నారుట్రేను ఎత్తి బరువు చూస్తాడు, లేదా వేలు గుచ్చి చూస్తాడు. ఈ విద్య ఉపన్యాసంతో వచ్చేది కాదు, చేతికి చేతినుంచే రావాలి.

ప్రాచీనులు దీనిని ఎరుగనివారు కారు. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమున్నది. నాటిన చెట్లకు గ్రీష్మంలో ఉదయసాయంకాలాలు, శీతకాలంలో దినం విడిచి దినం, వర్షర్తువులో నేల ఎండినప్పుడు మాత్రమే నీరు పోయాలని అందులో విధి. ఋతువుతో నీరు మారుతుంది గనుకనే ఒక సంవత్సరం పూర్తి కానిదే నీరు పోయడం వచ్చిందనడానికి వీలులేదు. ఆ గ్రంథాన్ని గ్రహచారం వరకు చదివి మూసివేసే జ్యోతిష్కులు ఈ అధ్యాయాన్ని కూడా తెరిస్తే బాగుండును.

శుశ్రూష అనే శబ్దానికి వినవలెననే కోరిక అని అర్థం. సేవ అని రూఢి. ఆదిపర్వంలో ధౌమ్యమహర్షి ఆరుణిని పంపినది వేదపాఠానికి కాదు, పొలంలో తెగిన గట్టు కట్టడానికి. మట్టికి ఆగని నీటికి ఆ శిష్యుడు దేహాన్నే అడ్డం వేశాడు. ప్రవచనకారులు దీనిని గురుభక్తికి దృష్టాంతంగా చెప్పి ముందుకు సాగిపోతారు. నీరు నిలువకపోతే పైరేమవుతుందో ఆ గురువుకు తెలుసునన్న సంగతిని ఎవరూ ప్రస్తావించరు.

నందనవనంలో గురుస్థానం తోటమాలిది. అతనికి అక్షరజ్ఞానం లేకపోవచ్చు. పట్టభద్రుడైనా, ఘనపాఠియైనా నారుమడి దగ్గర అతనికి శిష్యుడే. అర్చకులలో సైతం కొందరు అతనిని కూలివానిగా మాత్రమే చూడటం విచారకరం. అతడు పెంచిన తులసి లేనిదే వారి అర్చన సాగదు. ఛాందోగ్యంలో సత్యకాముడు వృషభం నుండి, అగ్ని నుండి, హంస నుండి, మద్గువనే నీటిపక్షి నుండి బ్రహ్మోపదేశం పొందాడు. మనుష్యుడైన తోటమాలి నుండి వినడానికి సంకోచమెందుకు?

ఇక కత్తెర మాట. మల్లెకు శీతకాలంలో నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తారు. వేసవిలో మొగ్గ వచ్చేది కొత్త చిగుళ్లమీదనే. పచ్చికొమ్మను కోయడం హింస కాదా అని నూతన సేవకుడు జంకుతాడు. ఆ జంకు ఉండవలసినదే. వృక్షాలు వింటాయి, చూస్తాయి, సుఖదుఃఖాలను ఎరుగుతాయి అని శాంతిపర్వంలో భృగువు భరద్వాజునికి వివరించాడు. జంకు లేని చేయి చేటు చేస్తుంది; జంకుతోనే ఆగిపోయిన చేయి పూవును ఇవ్వలేదు. ఎక్కడ కోయాలో తెలియడానికే ఆ ఏడాది నిరీక్షణ.

రామానుజాచార్యుల ఆజ్ఞతో పుష్పకైంకర్యానికై తిరుమల చేరిన అనంతాళ్వారు తోటకు నీటికోసం స్వయంగా చెరువు తవ్వాడని సంప్రదాయం చెబుతుంది. సాయం చేయవచ్చిన బాలునిపై ఆయన విసిరిన గునపం శ్రీవారి చుబుకానికి తగిలిందన్న గాథ అందరూ ఎరిగినదే. మహాద్వారం వద్ద నేటికీ భక్తులు దర్శిస్తున్నది ఆ గునపాన్నే. అక్కడ వేలాడుతున్నది పూలసజ్జ కాదు.

నారుకు ఆదివారమని, సెలవుదినమని లేదు. ఒక్క ఉదయం వచ్చి, మొక్క నాటి, ఛాయాచిత్రం దిగి వెళ్లే ఉత్సవాలను ఆలయ నిర్వాహకులు ప్రోత్సహించడం తగదు. మరునాడు నీరు పోసేదెవరో, ఆ మరునాడు ఎవరో, ఏడాది పొడవునా వంతులు నిర్ణయించి, పేర్లు పలకపై వ్రాయించి, ఆ తరువాతనే గొయ్యి తవ్వించాలి.